మొలక శాతం

వంద గింజలు లెక్కపెట్టి తడి ఇసుకలో పెడతాం.
ఇరవైయొకటో రోజుకు ఎన్ని తలెత్తాయో
పలక మీద సుద్దముక్కతో రాస్తాం.
సిద్ధవటం నర్సరీలో ముప్పైరెండేళ్లు
నా చదువూ అదే, నా జీతమూ అదే.

రిటైరైనాక అదే లెక్క మనుషుల మీద పెట్టాను.

నాలుగు పేజీల పత్రిక, పేరు విత్తు.
అచ్చు ప్రొద్దుటూరులో, మూణ్ణెల్లకొకసారి,
పెన్షన్లో ఒక ముక్క దానికే.
లంకమల దక్షిణపు వాలులో తంబజాలారి
ఈ ఏడు పూసిందా లేదా,
ఏ కొండ ఎర్రచందనం కాయ ఎప్పుడు ఎండుతుంది,
ఏ తల్లిమాను గింజ ఏ సంచిలో ఉంది,
ఆ సంచి మీద చేవ్రాలు ఎవరిది.
ఇవీ వార్తలు.
గెలిచినోళ్ల ఫోటోలు ఉండవు.

ఐదో సంచికలో ఒక చీటీ కుట్టాను:
ఈ పత్రిక మీకు కావాలా? అవును. వద్దు.
ఒకదానికి గీత పెట్టి పంపండి,
స్టాంపు నేనే అంటించాను.

నాలుగు వందలు చల్లితే
ఇరవైయొకటో రోజుకు పంతొమ్మిది.

రాజంపేట లెక్చరర్ పద్యాలు కూడా వేయమన్నాడు.
రైల్వేకోడూరు మామిడితోట ఆసామి
చందనం మొక్క ఎంత, ఎన్నేళ్లకు కోతకొస్తుంది అని రాసి
రెండింటికిందా ఎర్రసిరాతో గీతలు కొట్టాడు.
బద్వేలు నుంచి ఒకరు అవునుకీ వద్దుకీ రెండింటికీ గీత పెట్టారు.
దాన్ని చాలాసేపు చూశాను.
మా పాత రేంజరు భార్య నాగసుబ్బమ్మ రాసింది:
ఆయన పోయి ఏడు నెలలయ్యా.
పేరు మాత్రం తీసెయ్యొద్దు.
పత్రికొచ్చిన రోజు టపా పిల్లోడు
వాకిట్లో ఆయన పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు.

ఈ ఉత్తరాన్ని ఏ గళ్లో వేయాలో
నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

మైదుకూరు బస్టాండులో బజ్జీలు కొంటే
నా మూడో పేజీలోనే చుట్టి ఇచ్చింది ఖాజాబీ.
నూనె పీల్చిన చోట కాగితం అద్దమై
తంబజాలారి బొమ్మ వెనకవైపు నుంచి కూడా కనబడింది.
"ఇది నువ్వేసిందేనా సామీ?
మా నాయన ఈ మానుకే గాటుపెట్టి
గుగ్గిలం తెచ్చేటోడు.
ఆకు మటుకు తప్పు గీసినావు, ఇంకా ఎడల్పుంటాది."
ఆమెకు చదువు రాదు, చీటీ పంపలేదు.
నా లెక్కలో ఆమె లేదు.
ఆకు మాత్రం సరిచేసుకున్నాను.

మొలవని గింజను చచ్చిందని రాయొద్దురా అనేవాడు
మా పెద్దమాలి కదిరప్ప.
కోసి చూడు, లోపల తెల్లగా ఉంటే నిద్ర, నల్లగా ఉంటే చావు.
మూడు వందల ఎనభైయొక్కమందిని
కోసి చూడలేను కదా.

నలభయ్యో రోజున ఒక కవరు వచ్చింది.
చీటీ ఉంది, గీత లేదు, మాట లేదు.
మడతలో ఒకే ఒక్క కాయ,
నాణెమంత గుండ్రం, చుట్టూ రెక్క,
ఊపితే లోపల చిన్న చప్పుడు.
టపాముద్ర తడికి ఊరంతా అలుక్కుపోయింది.

మేం సంచి మీద ముందు తావు రాస్తాం,
మాను పేరు ఆ తర్వాతే.
ఒకే చందనం, పాలకొండల్లో పుట్టింది ఒకటి,
వెలిగొండల్లో పుట్టింది ఇంకొకటి.
తావు తెలియని గింజను
లెక్కలోకి తీసుకోవడం మా దగ్గర లేదు.

అయినా రాత్రి పేడనీళ్లలో నానేసి
పొద్దున ఒక నూనెడబ్బాలో విడిగా పెట్టాను.
తావు: అని రాసి పక్కన ఖాళీ వదిలాను.

ఎల్లుండి ఆరో సంచిక అచ్చుకిస్తున్నా.
మొదటి పేజీ అంతా ప్రశ్నలే:
ఈ కాయ పంపింది ఎవరు? ఏ కొండ?
ఏ వైపు వాలు?
పొద్దుగూకేటప్పుడు ఆ మాను నీడ
ఏ ఊరి దిక్కుకు పోతుంది?

ఈసారి స్టాంపు అంటించలేదు, డబ్బుల్లేవు.
డబ్బాలో ఇది పదహారో రోజు, ఇంకా ఏమీ లేదు.
ఉండండి, నీళ్లు చల్లి వస్తా.