కాంటా కాడ

ఏనుమాముల యార్డుల మా ముఠా పన్నెండు మందిమి.
రూల్సు యాడ రాసిలేవు.
రాసినా చదివేటోడు సదానందం ఒక్కడే.

ఇద్దరు బస్తా లేపేటప్పుడు దగ్గొద్దు,
దగ్గితే అవుతలోని నడుం వడ్తది.
తేజ మిర్చి ఘాటుకు కండ్లెంట నీళ్లు గారితే
ఎందుకేడుస్తున్నవని ఎవ్వన్ని అడగొద్దు.
నిజంగ ఏడ్సేరోజు గూడ దాంట్లనే కలిసిపోతది.

కూలి పైసలు పదమూడు కుప్పలు వోస్తం.
పదమూడోది ఎవనిదని వచ్చిన కొత్తల అడిగిన.
ఓదెలు బీడీ ఆర్పి బస్తాల దిక్కు చూసిండు.
నడుం వడి రెండు నెల్లు మంచంల ఉన్నప్పుడు
ఆ కుప్ప నడుసుకుంట మా ఇంటికొచ్చింది.

ఇంకోటుండె.
కాంటా మీద బస్తా వెట్టంగనే
అందరం జెండా దిక్కు తిరగాలె.
గుమస్తా శాంపిలని పిడికెడు, ఇంకో పిడికెడు,
రైతు ఉమ్మి మింగేలోపు ఇంకో పిడికెడు
చాటలకు గుంజుతుంటడు.
మేం జూడం.
ఇది గూడ ఎవ్వడు చెప్పలె.
మెడ నేర్సుకుంటది.

మొన్న మాఘంల కొత్తగొచ్చిండు జంపయ్య,
ములుగు దిక్కు పిలగాడు, జాతరల వుట్టిండంట.
వాడు తిరగలె.
"అది ఏడో పిడికెడు" అన్నడు,
బస్తాలు లెక్కవెట్టినట్టే.

ఎవ్వలం తిట్టలె.
తెల్లారి చాయ్ పదకొండు గిలాసలే వచ్చింది.
వానికి కొక్కెం దొరకలె.
మూడొద్దులు వాని పేరు ఎవ్వడు పిల్వలె.
నేను గూడ.
మా ఇంటికి నడిసొచ్చిన కుప్ప
యాదికి రాలేదా అంటే, వచ్చింది.
అయినా పిల్వలె.

నాలుగోనాడు
పర్కాల రైతు నలభై బస్తాలు దింపిండు.
కాంటా మీద ఎర్ర అంకెలు ఊగుతున్నయి.
నేను జెండా దిక్కు తిరిగిన.
తిరిగిన మెడలల్ల
జంపయ్యది కాక ఇంకోటి తక్కువుంది.

ఓదెలు.
ఇరువై ఏండ్లు జెండా జూసిన మెడ.
ఏం మాట్లాడలె,
కొక్కెం భుజానేసుకొని ఉత్తగ చూసిండు.
గుమస్తా చెయ్యి బస్తాలకు
మణికట్టు దాంక వొయ్యి ఆగింది.

ఆ దినం మాకు పని సగమే ఇచ్చిండ్రు.
పదమూడు కుప్పలూ చిన్నగైనయి.
ఓదెలును ఎవ్వడు ఏం అడగలె.
చాయ్ మాత్రం పన్నెండు గిలాసలొచ్చినయి,
ఒకటి దార్లనే ఒలికింది.
అది ఎవనిదో తేలకముందే
నాది జంపయ్య దిక్కు నూకిన.

రేపు కాంటా కాడ
నా మెడ ఎటు తిరుగుతదో
నాకింకా తెల్వది.