తరుగు

టాడ్‌మోర్డెన్ మార్కెట్ హాల్లో
చీజు కొట్టుకీ చెప్పులు కుట్టే కొట్టుకీ నడుమ
రెండు గజాల బల్ల నాది.
మీద నల్లగుడ్డ, భూతద్దం,
మా నాన్న వాడిన ఇత్తడి తక్కెడ.
గురువారాలు బేరాలుండవు. వాన ఉంటుంది.

అలాంటి గురువారమే ఈనిడ్ గ్రీన్‌హాల్ వచ్చింది,
గొడుగు నీళ్ళు కారుతూ, చంకలో పొగాకు డబ్బా.
మూత తీసిందో లేదో
లోపలున్నవన్నీ ఒక్కసారిగా నవ్వాయి,
పెళ్ళికి కొన్న చెంచాల్లాగా.
నా గుండె జారిపోయింది.

పాత వెండి అలా నవ్వకూడదు.
రాణిగారి కొప్పు కింద, అక్షరాల సందుల్లో
వందేళ్ళ మసి కాటుకలా నిలిచుండాలి.
మేము ధర కట్టేది ఆ కాటుకకే.

"టూత్‌పేస్టుతో తోమాను," అంది.
"తెల్లారేదాకా. పాత బ్రష్షు పెట్టి."

ఏమనాలో తెలీక
చరిత్ర చెప్పటం మొదలెట్టాను,
చావింట్లో వానల గురించి మాట్లాడే మనిషిలా.
అప్పట్లో నాణేన్ని సుత్తితో కొట్టేవాళ్ళు, అన్నాను,
అంచు వంకరగా వచ్చేది.
ఆ వంకర చాటున జనం కత్తెర పెట్టి
గోరంత గోరంత కోసుకునేవాళ్ళు.
పట్టుబడితే ఉరి. అయినా కోశారు.
చేతులు మారి మారి వచ్చేసరికి
రాజుకి తల ఉండేది, కిరీటం ఉండేది కాదు.
తర్వాత యంత్రాలొచ్చి అంచున గీతలు చెక్కాయి,
పెద్దవాటి మీద లాటిన్‌లో: అలంకారమూ, రక్షణా.
కత్తెరలు ఊరుకున్నాయి.
సర్కారు ఊరుకోలేదు.
మొదటి యుద్ధం అయ్యాక, ఇరవైలో, సగం వెండి తీసేసింది.
రెండోది అయ్యాక, నలభై ఏడులో,
అమెరికా బాకీ తీర్చాలని మిగతా సగమూ.
రాజు బొమ్మ మాత్రం మారలేదు.

"మా కాపురంలాగే ఉంది," అంది ఈనిడ్.

బల్ల మీద వేళ్ళు ఆనించి, కాసేపాగి,
"నలభై ఒక్క ఏళ్ళు ఈ డబ్బా నన్ను ముట్టనివ్వలేదు క్లెమెంట్.
చేతి చెమట తగులుతుందట.
ఆదివారం ఆదివారం తెల్ల చేతి తొడుగులేసుకుని,
ఒక్కోదాన్నీ అంచులు పట్టి, దీపం కింద తిప్పుకునేవాడు.
నా చెయ్యి అంత జాగ్రత్తగా ఎప్పుడు పట్టుకున్నాడో
గుర్తు తెచ్చుకుందామని చూశాను, రాత్రి."

నేను నాణేలు వేరు చేస్తూ కూచున్నాను.
ఇరవైకి ముందువి ఇటు, తర్వాతివి అటు.
మూడు పెన్నీల బుల్లివి ఆరు,
ఏ క్రిస్మస్ పుడ్డింగులో ఎవరి పంటికి తగిలాయో.
ఒక షిల్లింగు, అరిగి అరిగి చేప పొలుసంత పలచన.
ఆ తర్వాత అది:
ఎడ్వర్డు రాజు హాఫ్ క్రౌను, పందొమ్మిది వందల ఐదు.

ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో రెండోసారి చూడటం.
రాజుగారి చెంప మీద బ్రష్షు గీతలు,
గడ్డం తెగిపోయిన కొత్త క్షవరంలా.
చెప్పకపోతే వెండి బరువుకే నాదవుతుంది.
మా నాన్నయితే చెప్పేవాడు కాదు.

"మిసెస్ గ్రీన్‌హాల్," అన్నాను,
"తోమకుండా తెచ్చుంటే..."
"తెలుసు," అంది.
"తోమితే పాడవుతాయని
వారానికోసారి విన్నాను కదా.
అన్నిట్లోకీ ఖరీదైంది ఏది?"
చూపించాను.
చేతిలోకి తీసుకుంది, అంచులు కాదు,
అరచేతి మధ్యన, పిడికిలి మూసి.
"దీన్నే ఎక్కువసేపు తోమాను."

అది తప్ప మిగతావన్నీ తూచాను.
ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే తనే అంది:
"తరుగు తీయకు నాయనా. అది నేను ముందే కట్టేశాను."

నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని
పక్క కొట్లో అరపౌను లాంకషైర్ చీజు కొంది,
బాగా పొడిపొడిలాడేది కావాలని
అబ్బాయితో గట్టిగా బేరమాడింది.
గొడుగు విప్పకుండానే వానలోకి నడిచింది.

సాయంత్రం తక్కెడ తుడిచాను.
రెండు పళ్ళేలూ, నా బొటనవేలూ
ఇంకా పుదీనా వాసనే.