నాలుగో అంశం

మొదటిది కార్ పార్కింగ్. రెండోది కుక్కల గొడవ.
మూడోది వీధిదీపాలు,
అర్ధరాత్రి దాటాక సగం ఆర్పాలా వద్దా అని
నలభై నిమిషాలు.
నాలుగో అంశానికొచ్చేసరికి టీ చల్లారింది.
వేల్స్ వాన కిటికీకి చెవి ఆనించి వింటోంది.

మూతబడ్డ బొగ్గుగనిలో నిండిన నీళ్లు
గోరువెచ్చగా ఉన్నాయట.
పైకి తోడి, ఆ వేడి పిండుకుని, మళ్లీ కిందికే వదిలేస్తే
బడికీ, లైబ్రరీకీ, కొండవాలు మీది అరవై ఇళ్లకీ
గ్యాస్ అక్కర్లేదని
గ్వెన్‌లియన్ ప్రాసర్ లెక్కలు చదివింది.
ఖర్చు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించింది.

"పొగ తగ్గించడానికి మనమెంత, మన ఊరెంత?"
ఎవరన్నారో రాసుకోలేదు.

వెనక వరసలో ఇద్వాల్ లేచాడు. ఎనభై ఒకటి.
దగ్గు ముందొచ్చింది, మాట తర్వాత.
"ఈ లోయ బొగ్గు ఎన్ని ఓడల్లో పొగయిందో!
అప్పుడెవరూ మనమెంత అనలేదు.
ఆ నీళ్లలో మా అన్న రొట్టె డబ్బా ఉంది.
మూత మీద మేకుతో గీసిన పేరు.
దొరికితే తెచ్చివ్వండి.
దొరక్కపోతే పోయింది,
బళ్లో పిల్లల వేళ్లు కొంకర్లు పోకుండా ఉంటే చాలు."

ఏడుగురు చేతులెత్తారు. నలుగురు ఎత్తలేదు.
ఒకాయన ఎత్తబోయి తల గోక్కున్నాడు.

మినిట్స్ రాసేది నేను.
తీర్మానం ఆమోదించడమైనది, అని రాశాను.
డబ్బా సంగతి రాయడానికి గడి లేదు.

ఐదో అంశం, చెత్తబుట్టల రంగు,
వచ్చే నెలకి వాయిదా.

మా ఇల్లు పది నిమిషాల నడక.
వాన కదా అని
కార్లోనే వెళ్లాను.
మినిట్స్‌లో అదీ లేదు.