టాలీ

పోర్టులో ముప్పైయ్యొక్క ఏళ్ళు
నా పని లెక్కపెట్టడం.
ఓడ కడుపులోంచి క్రేను గొలుసుకి వేలాడుతూ
బస్తాలు దిగుతుంటే
నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా.
ఎవరి గోధుమో, ఏ దేశపు ఎరువో
నాకెందుకు?
గీత తప్పకపోతే చాలు.

ఇప్పుడు జ్ఞానాపురంలో
రైలు కట్ట వెనక రేకుల షెడ్డు.
ఒకప్పుడు గోనెసంచుల గోదాం.
తలుపు పక్కన స్టూలు, స్టూలు మీద నేను,
ఒళ్ళో అదే పొడుగు పుస్తకం.
ఫిలోమినమ్మ పిలిచింది.
"ఇంట్లో గోడలు లెక్కెడతన్నావట గదా,
వచ్చి మా బస్తాలు లెక్కెట్టరాదూ" అంది.
జీతం పూటకో పళ్ళెం.
ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు.
నేనే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పొద్దున ఏడింటికి చోడి అంబలి.
నంజుకి ఉల్లిపాయ, ఒక్కోరోజు జాలారిపేట నుంచి
ఎవరో పంపిన ఎండు నెత్తళ్ళు.
గాలి ఇటు తిరిగితే పోర్టు బొగ్గు
మిరియాల పొడిలా అంబలి మీద వాలుతుంది.
ఊదుకుని తాగుతారు.

పది దాటితే షెడ్డు సగం కుట్టుమిషన్ల చప్పుడు,
సగం నీలి మంట.
వెల్డింగ్ నేర్పేది షిప్‌యార్డులో రిటైరైన గున్నయ్య.
చెవుడు. మెచ్చుకున్నా అరుపే.
మొదటివారం మంగవేణి
అద్దం ఎత్తి మంటని చూసింది.
రాత్రంతా కళ్ళలో ఇసుక.
తెల్లారి బంగాళాదుంప చెక్కలు కళ్ళకి కట్టుకుని
తమ్ముడి భుజం పట్టుకుని వచ్చేసింది.
"ఇంటికాడ పడుకోకపోయావా అమ్మలూ" అంటే
"హాజరు పోద్ది కదా తాతా" అంది.
గీశాను. గీత కొంచెం లోతుగా పడింది,
వెనక పేజీలో కూడా కనిపిస్తుంది.

అడ్వాన్సు కట్టలేక సామాన్లు వీధినపడితే
ఫిలోమినమ్మ వెళ్ళి కంచరపాలెంలో
ఓనరు గుమ్మం మీద కూర్చుంటుంది.
అరవదు. ఏడవదు. మజ్జిగ అడుగుతుంది.
రెండో గ్లాసు ఖాళీ అయ్యేసరికి
పదివేలు కాస్తా నాలుగవుతుంది.
అన్నిసార్లూ కాదు.
కిందటి నెల ఎర్రయ్యమ్మ, పిల్లలు
మూడు రాత్రులు ఇక్కడే, మిషన్ల మధ్య.
నాలుగో రోజు ఎటెళ్ళారో తెలీదు.
చిన్నాడి చెప్పు ఒకటి ఉండిపోయింది.
స్టూలు కింద పెట్టాను.

శనివారాలు ఒకామె వస్తుంది.
ఇస్త్రీ చీర, చేతిలో నాలుగు మడతల సంచి.
"మా పక్కింటోళ్ళకండీ" అంటుంది.
పేరడిగితే చూపు గూడ్సు బండి మీదికి పోతుంది,
ఆఖరి పెట్టె దాటేదాకా తిరిగి రాదు.
ఆ పక్కింటోళ్ళెవరో నాకు తెలుసు.
నేనూ కొన్నాళ్ళు పక్కింటోణ్ణే.
పేరు గడి ఖాళీగా వదిలేస్తాను.

పని వచ్చాక మంగవేణి మొట్టమొదట అతికింది
మా గేటు గడియే.
అతుకు చూస్తే గొంగళిపురుగు పాకినట్టుంది.
గడియ గూట్లోకి పోదు.
కోసి మళ్ళీ వెయ్యమని గున్నయ్య అరిచాడు.
"ఉండనీవయ్యా" అంది ఫిలోమినమ్మ.
ఆ పిల్ల ఇప్పుడు గాజువాకలో
గ్రిల్సు షాపులో, రోజుకి ఆరొందలు.
గడియ మాత్రం అలానే ఉంది.
కుక్కలొస్తాయి, వానజల్లొస్తుంది.

మొన్న రాత్రి ఇంకెవరో వచ్చారు.
తెల్లారి చూస్తే ఓ బియ్యం బస్తా లేదు.
గేటు దాకా తడి పాదాలు,
చిన్నవే,
పాదాల పొడుగునా అక్కడక్కడా గింజలు.
చిల్లు బస్తా దొరికింది పాపం.
పోలీసులన్నారు ఎవరో.
ఫిలోమినమ్మ వంగి గింజలు ఏరుతోంది.

పోయిన సరుకు ఏ గడిలో రాయాలో
నాకు నేర్పక్కర్లేదు.
షార్టేజీ. ఎర్ర సిరా. కింద సంతకం.
పుస్తకం తెరిచాను.
ఇచ్చిన బస్తాల గడిలో
అప్పటికే నాలుగు గీతలున్నాయి.
ఐదోది అడ్డంగా గీశాను,
నీలి సిరాతోనే.