కాపీ రెండు రూపాయలు

అడవి తక్కెళ్ళపాడు ఫ్లాట్ల ముందు
నాదో జిరాక్స్ కొట్టు.
ఈ కాలనీ పిల్లల మార్కులన్నీ
నా గాజుపలక మీద ఒకసారి బోర్లా పడుకున్నవే.

ఇమ్మానియేలుది ఇది పంతొమ్మిదో రెజ్యూమే.
"హాబీల్లో వాలీబాల్ తీసెయ్యక్కా" అన్నాడు.
కోర్టు ఉన్నచోట పసుప్పచ్చ హద్దురాళ్లు,
నెట్టు కట్టిన గుంజకి వెంచర్ బ్యానర్.
తీసేశాను.
అక్కడ ఇంకేం రాయాలో ఇద్దరికీ తోచలేదు.

షంషాద్ అడ్రస్ మార్చమంటుంది.
"బ్లాకు నంబరు చూడగానే
ఫోన్ చేస్తామంటారు, చెయ్యరు.
అరండల్‌పేట అని కొట్టు."
కొట్టాను.
షోరూంలో పని తొమ్మిదిదాకా,
మా ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకి.
ఆ అరగంటకి ఏ అడ్రస్ కొట్టాలో
అది అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎండాకాలం యార్డు నుంచి
మిర్చి ఘాటు ఇక్కడిదాకా వస్తుంది.
కళ్లు తుడుచుకోవడానికి
అందరికీ అదో వీలు.

మస్తాన్‌వలి ఏ కాగితమూ తేడు.
బెట్టింగ్ యాప్‌లో బండి పోయిన దగ్గర్నుంచి
ఊరికే వచ్చి ఫ్యాను కింద కూర్చుంటాడు,
చెదిరిన కట్టలు సర్దుతాడు.
చేతిలో యాభై పెట్టబోతే
లేచి వెళ్లిపోతాడు.
మర్నాడు నాకంటే ముందే వచ్చి
షట్టర్ ముందు నిలబడతాడు.

మసకపడ్డ కాపీలు నేను పారెయ్యను,
వెనకవైపు తెలుపే కదా.
పైఅంతస్తు రెండో తరగతి పిల్ల
ఇమ్మానియేలు డిగ్రీ వెనకాల
ఎక్కాలు రాస్తోంది.
పెన్సిలు గట్టిగా నొక్కే చెయ్యి.
ఇటు తిప్పి తడిమితే
వాడి పేరు మీద
మూడో ఎక్కం
గరుకుగా వేలికి తగిలింది.