అరసున్నా

వూచ్ నగరంలో ఈ మిల్లు ఆగి ముప్పయ్యేళ్లు.
మగ్గాలున్న చోట ఇప్పుడు నీలం పరుపులు.
ఇటుక గోడ మీద సుద్దతో పేర్లు:
కార్క్, గేనర్, రైజ్, వెబ్‌స్టర్.
ఆ వెబ్‌స్టర్ ఎవరో మాలో ఒక్కరికీ తెలీదు,
రోజుకి నలభైసార్లు పిలుస్తాం.

నా కుడి మోకాల్లో లిగమెంట్ తెగింది.
అప్పట్నించీ ఎగరను, రాస్తాను.
పిల్లలు నన్ను గుమస్తా అంటారు.

నా లిపి చిన్నది.
నేల వదిలిన చోట ఒక నిలువుగీత,
గాలిలో ఎన్ని చుట్లో అన్ని కొక్కేలు,
తన్ను ఉంటే నెత్తిన ఒక పొల్లు.
ఎడమకాలి మీద దిగితే నిండుసున్నా,
కుడికాలి మీదైతే అరసున్నా.
దిగిన కాలే తర్వాతి ఎగురుకి వాకిలి,
అందుకే సున్నాల దగ్గర నా చెయ్యి నెమ్మది.

కయెతాన్ పెట్టిన రూలు ఒకటుంది:
ఒకసారి దిగితే అదృష్టం,
రెండోసారి పొగరు,
మూడోసారి దిగాకే పేరు.

ఫిబ్రవరిలో ఓ గురువారం, ట్రామ్‌కి టైమయ్యాక,
పదమూడేళ్ల బోగ్నా
జాకెట్ ఒక చేతికి తొడుక్కుని, రెండోది వేలాడుతుండగా,
వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి
ఏదో చేసింది.
అది కార్క్ కాదు. గేనర్ అనడానికి తల మరీ పక్కకి వాలింది.
దిగి, రెండో చెయ్యి తొడుక్కుని, వెళ్లిపోయింది.
ఎవరూ ఫోన్ తియ్యలేదు.
నేను రాసుకున్నాను: గీత, మూడు కొక్కేలు, పొల్లు, అరసున్నా.

సోమవారం అడిగితే
"నేనా? అలానా?" అంది, చూయింగ్ గమ్ ఆపి.
మంగళవారం ఎంత తిరిగినా రాలేదు.
అప్పుడు కయెతాన్ నా పుస్తకం లాక్కున్నాడు.
గోడకి ఆనించి చదివాడు, వేలితో గాల్లో గీసుకున్నాడు,
ఆరుసార్లు పడ్డాడు. ఒకసారైతే చెవి మీద.
ఏడోసారి దిగాడు, ఎడమకాలి మీద, మెత్తగా.
ఎనిమిది. తొమ్మిది.
హాలంతా చప్పట్లు.

"అది నాది కాదు" అంది బోగ్నా.

పుస్తకం చూశాను.
అరసున్నా పొట్టలో ఎర్రగా ఎండిన బొట్టు.
నా ఫ్లాస్కులోని బీట్‌రూట్ చారు
సగం కాలిని పూర్తి చేసింది.

మా బామ్మ గెనోవెఫా ఇదే మిల్లులో
మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టేది.
ఒక రాత్రి నిద్రమత్తులో ఒక చిల్లు ఎక్కువ కొట్టింది.
తెల్లారేసరికి గుడ్డ నిండా కౌజుపిట్టలు,
ఒక్కోదానికి రెండేసి తోకలు.
సగం రోజు కూలి కోశారు.
తర్వాతి నెల రాదోమ్ నించి ఎవరో ఉత్తరం రాశారు,
ఆ రెండు తోకల పిట్టదే ఇంకో ముప్పై గజాలు పంపమని.
కోసిన కూలి మాత్రం తిరిగి రాలేదు.
చనిపోయేదాకా చెప్పుకుంది.

గోడ మీద కొత్త పేరు రాశారు: చారుబొట్టు.
ఎవరిదని గొడవ.
దిగింది నేను అన్నాడు కయెతాన్.
మొదట తిరిగింది నేను అంది బోగ్నా.
ఫ్లాస్కు మాత్రం నాది అన్నాను,
ఎవరూ నవ్వలేదు.

ఆ పేజీ మళ్లీ శుభ్రంగా రాశాను.
అరసున్నా అరసున్నాలాగే ఉంది, పేరు జాగా ఖాళీ.
బోగ్నా ఇప్పటికి అరవైసార్లు చూసింది.
గీత సరే, కొక్కేలు సరే, కాలు సరే,
మధ్యలో ఏదో తేలిపోతుంది, బోర్లా పడుతుంది.

నిన్న ఆమె పడుతుంటే తట్టింది:
జాకెట్.
తొడుక్కోని ఆ చెయ్యి గాల్లో వెనకపడి
బరువుగా లాగి ఉంటుంది భుజాన్ని.
నా లిపిలో బట్టకి గుర్తే లేదు.

రాత్రి కూచుని ఒకటి చేశాను.
కొక్కేనికి వేలాడే ఖాళీ చొక్కాచెయ్యిలా ఒక చిన్న తోక.
వంకర కుదరలేదు. కొట్టేశాను.
రెండోది మరీ పొడుగు.
రేపు ఆమెని జాకెట్ విప్పొద్దని చెప్పాలి,
జిప్పు పెట్టొద్దని కూడా.