వంతెన అనే మాట

ఫ్రిజ్ తలుపు మీద నా చేతిరాత.
సోమవారం: ఓట్స్, ఒక గుడ్డు, సగం ఆపిల్.
కింద నీ సంతకం, యోరిస్,
బడిపిల్లాడి అక్షరాల్లా గుండ్రంగా.

నువ్వే అడిగావు.
పోయిన శీతాకాలం, ట్రాము డిపోవాళ్లు చేయించిన పరీక్షల కాగితం
బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని,
"చక్కెర అంచు మీద ఉందట.
నాకు నేను చెప్పుకుంటే వినను, నువ్వు చెబితే వింటాను."

పెత్తనం నాకు కొత్త కాదు.
నీ మెడలోని సన్న గొలుసు తాళంచెవి
పదకొండేళ్లుగా నా గుత్తిలోనే ఉంది,
సైకిల్ తాళంచెవి పక్కన.
కానీ ఆకలి మీద పెత్తనమా?
అంత బరువు చేతికెప్పుడూ తగల్లేదు.

నిజం చెప్పనా, మొదట్లో నచ్చింది.
లేయ నది ఒడ్డున నువ్వు పరుగు,
వెనక సైకిల్ మీద నేను, గడియారం చూస్తూ.
ఇంకో వంతెన దాకా అంటే ఇంకో వంతెన దాకా.
ఫ్రైల కొట్టు దగ్గర గాలి పీల్చి నా వైపు చూసేవాడివి,
తల అడ్డంగా ఊపితే నవ్వుతూ కదిలేవాడివి.
నువ్వు తగ్గావు.
నేను లోపల్లోపల బలిశాను.

మార్చిలో ఒక గురువారం
మెట్ల మధ్య కూలబడ్డావు.
పెదాలు తెల్లగా, చెమట చల్లగా.
రెండు రోజులుగా రాత్రి తిండి మానేశావట,
నేను రాసింది కూడా తినకుండా.
"ఇంకా మెచ్చుకుంటావని," అన్నావు.

ఆ మాట నన్ను కొట్టినట్టు
నా చెయ్యి నిన్నెప్పుడూ కొట్టలేదు.

ఆ మెట్టు మీదే కమలారసం తాగించి
రొట్టె తుంచి పెట్టాను.
"తిను. ఇది ఆజ్ఞ."
నీ దవడ కదులుతుంటే
ఊపిరి బిగబట్టి చూశాను.

డైటీషియన్ నెర్మిన్ కళ్లజోడు తీసి అడిగింది:
"ఈ పట్టిక ఎవరు రాశారు?"
"నేను."
"ఎందుకు?"
"నేనిచ్చాను కాబట్టి," అన్నావు నువ్వు, నాకంటే ముందు.
ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత,
"సరే. లెక్కలు మాత్రం నాకు వదిలెయ్యండి.
ఈవిడ గుర్తుచేస్తుంది.
కడుపు మాత్రం నీది, అది ఎవరికీ ఇవ్వకు."

ఇప్పుడు ఫ్రిజ్ మీద ఆమె కాగితం.
పస్తు శిక్ష కాదు మా ఇంట్లో.
శనివారం ఫ్రైలు ఊరికే తింటాం, బహుమతిగా కాదు,
ఇద్దరం ఒకే పొట్లంలోంచి, వేళ్లకి మయోనీస్ పూసుకుని.
తల తిరిగినా, మోకాలు సలిపినా
నువ్వు "వంతెన" అనాలి, నేను బ్రేకు వెయ్యాలి.
"గెంట్ లో ఆ మాటేంటి, అడుగడుక్కీ వంతెనే కదా," అని నవ్వావు.
అందుకే, అన్నాను. ఎక్కడైనా ఆగొచ్చు.

ఈ ఉదయం తుంపర.
మూడో మలుపులో కమ్మీ పట్టుకుని
నువ్వా మాట అన్నావు.
పన్నెండు నిమిషాలే అయింది.
నా పాత దురాశ నోటి దాకా వచ్చింది,
మింగాను.
గడియారం విప్పి జేబులో వేసుకుని
నీ పక్కన నిలబడ్డాను.
"బాగా చేశావు," అన్నాను, పరుగుకి కాదు.

సంచిలో అరటిపండు ఉంటే ఒలిచి ఇచ్చాను.
సగం తుంచి నా నోటికి అందించావు,
నేను చెప్పకుండానే.